సున్నాకు నాలుగు తక్కువ

కొలత 11వ రోజు

జకరయ్య బీరువా చేసి తెచ్చాడు.

తప్పు నాదే. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి, "నేనొక లైబ్రరీ కడుతున్నాను, మన బల్ల నిలిచేది దాని మీదే, ప్రార్థన చేయండి" అన్నాను. జకరయ్య మా నత్తలదిబ్బకు వడ్రంగి, నెట్ మోసే కబురు స్తంభానికి కాపరి. ప్రార్థనతో సరిపెట్టుకునే మనిషి కాదు. విరిగిన పడవ చెక్కలకు చిత్రిక పట్టి, మూడు అరలు కొట్టి, భుజాన మోసుకొచ్చి ఆసుపత్రి గదిలో నా కంప్యూటర్ పక్కన దింపాడు.

"పుస్తకాలేవక్కా?"

"ఇది పుస్తకాలు పెట్టుకునే లైబ్రరీ కాదురా. ప్రోగ్రాములు వాడుకునే కోడు."

"లైబ్రరీ అన్నావు గదా మరి."

"దాన్నీ అలాగే అంటారు."

కాసేపు బీరువా వంక, కాసేపు నా వంక చూశాడు. "అరలైనా ఉంటాయా దానికి?"

ఉంటాయన్నాను. అతని మొహం చూసి అన్న మాట కాదు, నిజంగానే ఉంటాయి. నెట్‌ను కొలిచే ప్రోగ్రాములు మాకు గట్టు మీది, అంటే మునగని నేల మీది, కొలతల మండలి ఇచ్చినవి ఐదు ఉన్నాయి. కబురు వెళ్ళి రావడానికి ఎంతసేపు పట్టిందో ఒకటి చూస్తుంది. దారిలో ఎన్ని పోయాయో ఒకటి లెక్కపెడుతుంది. ఏ స్తంభం మీదుగా వెళ్ళిందో ఒకటి చెబుతుంది. మిగతా రెండూ అలాంటివే. నెట్‌తో మాట్లాడే పని ఐదూ ఐదు రకాలుగా, ఎవరి తప్పులతో వాళ్ళు, విడివిడిగా చేస్తున్నాయి. ఆ పనంతా వాటి చేతుల్లోంచి లాగి ఒక్కచోట పెడుతున్నాను. పంపడం ఒక అర. ఎదురుచూడటం ఒక అర. వచ్చిన జవాబు ఏ ప్రశ్నదో పోల్చి టైం వేయడం మూడో అర. ఎవరికి కావలసింది వాళ్ళు అందుకోవడమే. జకరయ్య తెలియక చేసినా మూడే కొట్టాడు.

సాయంత్రానికి ముగ్గురు ఆడవాళ్ళు పాత పాటల పుస్తకాలు తెచ్చి పై అరలో సర్దివెళ్ళారు. తీయలేదు.

ఈ చిట్టా ఎవరు చదువుతారో తెలియదు కనుక బల్ల సంగతి కూడా రాసిపెడుతున్నాను. మా ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల ఒకటి ఉంది, దానికి రెండు ఇనుప చేతులు. గట్టు మీద కూర్చున్న డాక్టరు వేళ్ళు కదిపితే ఇక్కడ ఆ చేతులు కదులుతాయి. సముద్రం ఊళ్ళ మీదికొచ్చి మేం దిబ్బలెక్కినప్పటి నుంచి మాకున్న డాక్టరు అదే. జకరయ్య తెగిన బొటనవేలు కుట్టింది ఆ చేతులే. కబురు వెళ్ళి రావడానికి నలభై మిల్లీసెకన్లు దాటితే ఆ చేతుల్ని నమ్మకూడదు. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మిల్లీసెకను. మండలి వాళ్ళ లెక్కలో మా దిబ్బ యాభై ఎనిమిది. కాదు, అంతకంటే తక్కువేనన్నాం. అయితే తొంభై రోజులు మీరే కొలిచి చూపించండి, లేకపోతే బల్లను పడవెక్కించి వేరే దిబ్బకు ఇస్తాం అన్నారు.

మా చేతికే కొలకర్ర ఇచ్చారు. బైబిలులో ప్రవక్తల చేతికిచ్చినట్టే ఇచ్చారు. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళు. కోడ్ నేర్చుకున్నది పాడైన యంత్రాల పుస్తకాలు చదివి. అయినా ఈ కర్ర వంకరగా పట్టుకోను.

19వ రోజు

యాభై ఎనిమిది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకున్నాను.

స్తంభం మొదట్లో నత్తలు గీకడం ఈ వారం నా వంతు. గీకకపోతే నెలకల్లా వైర్ల గొట్టంలో దూరతాయి. గీకుడు మధ్యలో సరుకుల పడవ వచ్చి రేవులో ఆగింది. నేను తలెత్తలేదు. పనయ్యాక చూశాను. పడవ ఎప్పుడొచ్చిందని ఎవరైనా అడిగితే నేను తలెత్తిన టైమే చెప్పేదాన్ని. గీకుడు కత్తి అక్కడే పడేసి ఆసుపత్రి గదికి పోయాను.

పాత ప్రోగ్రాములు చేస్తున్నదీ అదే. జవాబు వచ్చి కంప్యూటర్ గడపలో పడి ఉంటుంది. ప్రోగ్రాము వేరే పనిలో ఉంటుంది. తీరుబడిగా వచ్చి జవాబును చేతిలోకి తీసుకున్నప్పుడు టైం వేస్తుంది. మా మీద వేసిన నింద అంతా ఆ బద్ధకమే.

నా లైబ్రరీలో టైం వేసేది గడప. జవాబు వచ్చి పడిన క్షణాన పడిన చోటే టైం పడుతుంది. ప్రోగ్రాము ఎప్పుడు లేచినా ఆ అంకె మారదు.

మధ్యాహ్నం మొదటిసారి నడిపాను. నర్సు రాహేలు ఇంజక్షన్ సూదులు ఉడకబెడుతూ అటు నుంచే అడిగింది. "ఎంతొచ్చిందత్తా?"

"ముప్పై మూడు."

సూదుల గిన్నె దించి వచ్చి, తడి చేతులు వెనక్కి పెట్టుకుని తెర చూసింది. మళ్ళీ నడిపించింది. ముప్పై మూడు. మళ్ళీ. ముప్పై నాలుగు. "పాతికసార్లు నడుపు" అంది. నడిపాను. ఒక్కటీ ముప్పై ఆరు దాటలేదు. రాహేలు దగ్గర ఆపరేషన్‌కు ఆరు పేర్ల జాబితా ఉంది. దాన్ని జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ మడిచి పెట్టుకుంది.

నేను పంపే చిన్న కబురుకు పావురం అని పేరు పెట్టాను. జలప్రళయంలో ఓడలోంచి వదిలినదే ఈ పావురమూ. అయితే దానికంటే ముందు ఓడలోంచి కాకిని వదిలారు. అది అటూ ఇటూ తిరుగుతూ ఉందని వాక్యంలో ఉంది గాని చచ్చిందని ఎక్కడా లేదు. పాత ప్రోగ్రాములకు ఆ మర్యాద తెలియదు. మూడు సెకన్లు చూసి జవాబు రాకపోతే "లేదు" అని రాసేస్తాయి. మనుషుల్లో ఒకరి గురించి అడిగినప్పుడు లేరు అంటే అర్థం ఏమిటి? నేను ఆ మాట తీసేశాను. నా లైబ్రరీ చెప్పేది "ఇంకా రాలేదు" అని. తర్వాత వస్తే, వచ్చిందని రాస్తుంది. వెళ్ళినదైనా, ఆలస్యంగా వచ్చినా, రెండుసార్లు వచ్చినా, అడగనిది వచ్చినా, జరిగిన వరసలో, రోజూ ఒకటి నుంచి వరస నంబరు వేసి రాస్తుంది. ఏదీ పారేయదు.

"చెత్త కూడా దాస్తున్నావు. డిస్కు నిండిపోద్ది" అంది రాహేలు.

"ఏది చెత్తో నిర్ణయించడానికి అదెవరు? కావలివాడి పని చూసింది చెప్పడం. తీర్పు చెప్పేవాడు వేరే ఉన్నాడు."

ఆ మాటే కోడ్ మొదటి వరసలో రాశాను. గర్వం పాపమని నాకు తెలుసు. కానీ వడ్రంగి తన చెక్క మీద చెయ్యి వేసి నిమిరితే అది పాపమని నేనెప్పుడూ బోధించలేదు.

34వ రోజు

పొద్దున తొమ్మిదీ పదకొండుకు వదిలిన పావురం సున్నాకు నాలుగు తక్కువ మిల్లీసెకన్లలో తిరిగొచ్చింది.

మూడుసార్లు చదివాను. అంటే నేను వదలడానికి నాలుగు మిల్లీసెకన్ల ముందే జవాబు గడపలో ఉంది. మోకరించాను. పిలవక మునుపే పలుకుతానన్న దేవుని వాగ్దానం ఒకటుంది. నలభై ఏళ్ళుగా పడవల మీదా పందిళ్ళ కిందా దాన్ని చెప్పాను. అంకెగా చూడటం ఇదే మొదలు.

35వ రోజు, ఆదివారం

గంటన్నర చెప్పాను. గొంతు పోయింది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు, ఆ మాట రాసుకోవడానికి వెనకాడను. ముసలివాళ్ళు ఏడ్చారు. నెట్ మీద పదకొండు దిబ్బలు విన్నాయి.

మా సంఘపెద్ద ఏసుపాదం బాబాయికి హెర్నియా. రాహేలు జాబితాలో మొదటి పేరు ఆయనదే. నడుముకు గుడ్డ గట్టిగా బిగించుకుని గాని నిలబడలేడు. ఆయన మధ్యాహ్నానికల్లా రంగు డబ్బా తెప్పించి, దగ్గరుండి, మందిరం గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాయించాడు: సున్నాకు నాలుగు తక్కువ.

40వ రోజు

కొలతల మండలి నుంచి పిలుపు వచ్చింది. తెర మీద కళ్ళద్దాల ఆవిడ.

"హెప్సిబ గారేనా? నేను నీరజనండి, పరీక్ష విభాగం. మీ ప్రసంగం విన్నాను."

"దేవునికి స్తోత్రం. ఏ భాగం నచ్చిందమ్మా?"

"నాలుగు తక్కువ అన్న భాగం." ఆవిడ నవ్వలేదు. "జవాబు ప్రశ్నకంటే ముందు రాదండి. వచ్చిందని మీ లైబ్రరీ రాసిందంటే, అది పాడైందనైనా అనుకోవాలి, అంకెలు కల్పించారనైనా అనుకోవాలి. అలాంటి అంకె ఒక్కటున్నా మొత్తం కొలతంతా కొట్టేయాలని మా నిబంధన."

"నేను కల్పించే మనిషినా?"

"మీరు నాకు తెలీదండి. మీ అంకెలే తెలుసు. యాభై ఒకటో రోజున విచారణ. ఆ లోపు సంజాయిషీ చూపించండి. లేకపోతే బల్ల దింపడానికి పడవ బయల్దేరుతుంది."

అంకెలే తెలుసన్న మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. నేను కోడ్ మొదటి వరసలో రాసిన మాటా దాదాపు అదే.

మండలికి రోజూ వెళ్ళే నివేదికలో వెయ్యికి పైగా అంకెలుంటాయి. ఆ నాలుగు తక్కువను వాళ్ళు అందులో పట్టుకోలేదు. నా నోటి నుంచి విన్నారు.

43వ రోజు

రాహేలు తలుపు వేసి వచ్చింది.

"చిట్టాలో ఆ నాలుగు తక్కువ గీత ఒక్కటీ తీసేయత్తా. అసలు మండలి వాళ్ళ పాత ప్రోగ్రాముల్లో ఏముందో చూశావా? సున్నా కంటే తక్కువొస్తే సున్నా అని రాసేయమని ఉంది. వాళ్ళే చేశారు. నువ్వు చేస్తే తప్పేంటి?"

చూశాను. ఐదింటిలోనూ ఉంది ఆ గీత. లైబ్రరీ కట్టేటప్పుడు దాన్ని నేనే తీసేశాను. అప్పుడు ఎందుకుందో అర్థం కాలేదు, అవసరం లేదనుకున్నాను.

"జాబితాలో ఆరుగురు. ఏసుపాదం తాతకి పేగు ముడి పడిందంటే గట్టుకు తీసుకెళ్ళేలోపు ఏమవుద్దో నీకు చెప్పాలా?"

చెప్పనక్కరలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సున్నాకంటే తక్కువైతే సున్నా. ఎనిమిది మాటలు కూడా ఉండవు. టైపు చేశాను. చేసి, దాని వంక చూస్తూ కూర్చున్నాను. సంచిలో రెండు రకాల తూకపు రాళ్ళు ఉండకూడదని, ఇచ్చేటప్పుడు ఒకటి పుచ్చుకునేటప్పుడు ఒకటి పనికిరాదని, సంతలో తూకాల దగ్గర నిలబడి ఎంతమందిని నిలదీశాను. ముప్పై మూడు నాకు అనుకూలం, ఉంచుకుంటాను. నాలుగు తక్కువ అనుకూలం కాదు, సున్నా చేస్తాను. అలాంటప్పుడు నా ముప్పై మూడును మాత్రం ఎవరు నమ్మాలి?

చెరిపేశాను.

రాహేలు లేచి జాబితాను నా కీబోర్డు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఏసుపాదం బాబాయిది ఇంకో దారి. రేవులో పట్టుకుని అడిగాడు. "నువ్వెందుకు భయపడతన్నావే హెప్సిబా? అద్భుతాన్ని మండలి ఒప్పుకోవాలా ఏంటి? నమ్మనోళ్ళు నమ్మరు."

"బల్ల పోద్ది బాబాయ్. నీ ఆపరేషను పోద్ది."

"పోతే పోనీ. గోడ మీద రాయించాను. పదకొండు దిబ్బలోళ్ళు చూసెళ్ళారు." నడుము పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. ఆయన నిజంగానే అంటున్నాడు. నా ప్రసంగాన్ని నమ్మి, ప్రాణానికి తెగించి కూర్చున్నాడు. ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

47వ రోజు, శుక్రవారం

ఈ రోజు సంగతి నిదానంగా రాయాలి.

ఉపవాస ప్రార్థన తొమ్మిదింటికి. నేను గోడ గడియారం చూసి సరిగ్గా తొమ్మిదికి పాట ఎత్తించాను. ఆరు చరణాల పాట. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. పాట అయ్యింది, కళ్ళు తెరిచాను, మళ్ళీ గడియారం చూశాను. తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువ.

ముందు వరసలో కూర్చున్న మరియమ్మ కూడా చూసింది. "మనమింకా మొదలెట్టలేదేమోనమ్మా" అంది. నలుగురు నవ్వారు.

జకరయ్య గోడ దగ్గర స్టూలు మీద నుంచి దిగుతున్నాడు. "ముందుకెళ్ళిపోతందక్కా ఇది. పాట మధ్యలో వెనక్కి తిప్పాను."

ప్రార్థన నడిపించమని ఏసుపాదం బాబాయికి అప్పజెప్పి బయటికి నడిచాను. ఆసుపత్రి గది దాకా పరుగే. అరవై రెండేళ్ళ మనిషి పరుగు.

లైబ్రరీ ఏదీ పారేయదు. ముప్పై నాలుగో రోజు చిట్టా తెరిచాను. తేడా వేసిన అంకె కాదు, వరస నంబర్లు చదివాను. మూడు గీతలు, పక్కపక్కనే.

311: పావురం వెళ్ళింది.
312: గట్టు నుంచి టైం దిద్దుబాటు వచ్చింది. గడియారం ముప్పై ఏడు మిల్లీసెకన్లు వెనక్కి.
313: పావురం తిరిగొచ్చింది.

అంతే. గట్టు మీది మండలి రోజుకొకసారి దిబ్బలన్నిటి గడియారాలనూ దిద్దుతుంది. పావురం ఆకాశంలో ఉండగా, అది వెళ్ళిన దారికీ వచ్చిన దారికీ మధ్యలో, జకరయ్య లాగే ఎవరో స్టూలెక్కి గడియారం వెనక్కి తిప్పారు. ప్రయాణం ముప్పై మూడే. ముప్పై మూడులోంచి ముప్పై ఏడు పోతే సున్నాకు నాలుగు తక్కువ. నేను ఎంతో గొప్పగా చెప్పుకున్న గడప వేసిన టైం, ఆ దిద్దే గడియారం చూసి వేసిందే.

పదమూడు రోజులుగా ఆ మూడు గీతలూ నా ముందే ఉన్నాయి. చిట్టా అబద్ధమాడలేదు. నాకు కావలసింది దొరికిన చోట నేను చదవడం ఆపేశాను.

పొద్దు వాలేలోపు కోడ్ దిద్దాను. కంప్యూటర్ లోపల ఇంకో గడియారం ఉంది. అది లేచిన క్షణం నుంచి లెక్కపెట్టుకుంటూ పోతుంది. తేదీ తెలియదు, వారం తెలియదు, ఎవరూ దాన్ని దిద్దరు, ముందుకు తప్ప పోదు. ఇక మీద గడప టైం వేసేది దాన్ని చూసి. దాని అరకు "వెనుతిరగనిది" అని పేరు పెట్టాను. వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభమైన స్త్రీ కథ మా దిబ్బలో పసిపిల్లలకు కూడా తెలుసు. చుట్టూ ఉప్పే కదా.

రాహేలుకు మూడు గీతలూ చూపించాను. ఒక్కొక్క నంబరు మీద వేలు పెట్టి చదివింది. "తీసేయమన్నాను నేను" అంది. "తీసేసుంటే ఇదీ పోయేది."

"టైపు దాకా వెళ్ళాను నేను కూడా."

కీబోర్డు మీంచి జాబితా తీసుకుంది.

49వ రోజు, ఆదివారం

ఈసారి ప్రసంగం గంటన్నర కాదు. పావుగంట. పదకొండు దిబ్బలూ వింటున్నాయని తెలిసే నిలబడ్డాను. గోడ మీది అక్షరాల కిందే నిలబడ్డాను.

"రెండు వారాల కింద మీకు నేనొక అద్భుతం చెప్పాను. అది అద్భుతం కాదు. గడియారం దిద్దుడు. తప్పు గడియారానిది కూడా కాదు, చదివినదానిది." జకరయ్యను లేపి, మొన్న పాట మధ్యలో ఏం చేశాడో చెప్పించాను. మూడు గీతలూ చదివి వినిపించాను.

తర్వాత మరియమ్మ లేచింది. "అయితే పిలవకముందే దేవుడు పలకడా అమ్మా?"

"పలుకుతాడు మరియమ్మా. నా కంప్యూటర్లో కాదు."

వెనక ఎవరో నవ్వారు. ఏసుపాదం బాబాయి నవ్వలేదు. ముందు కుర్చీలోంచి, కూర్చునే, నా వంక చూశాడు. "నన్ను ఎర్రోణ్ణి చేశావే."

"నిన్ను కాదు బాబాయ్. నువ్వు నా మాట నమ్మావు. నేను చూడకుండా చెప్పాను. వాక్యం పేరు మీద చెప్పాను. అదింకా పెద్ద తప్పు."

నడుము గుడ్డ సర్దుకుని అన్నాడు: "ఈ మాట గోడ మీద రాయించే దమ్ముందా?"

ఉందన్నాను.

నలభై ఏళ్ళలో నాకు గర్వంగా అనిపించిన ప్రసంగం ఏదని అడిగితే ఈ పావుగంటే చెబుతాను. ముప్పై అయిదో రోజు రాసినదాన్ని కొట్టేయను. అది అక్కడే ఉంటుంది.

51వ రోజు

విచారణకు గదిలో రాహేలు, జకరయ్య, నేను. నీరజ గారు మూడు గీతలూ తన తెర మీద పెట్టుకుని ఒక్కొక్కటీ చదివింది. పక్కన ఎవరినో పిలిచి ఏదో వెతికించింది.

"ఆ మూడు వందల పన్నెండు మా దిద్దుబాటేనండి. మా పుస్తకంలో కూడా ఉంది."

"మీదే అమ్మా."

"దీన్ని కూడా మీ లైబ్రరీ ఎందుకు రాసింది? ఇది పావురం కాదు కదా."

"గడప దాటి వచ్చింది కనుక రాసింది. దాటినదెవరో దానికి అనవసరం."

కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మేం రోజూ దిద్దుతాం. అరవై దిబ్బల్లో. మరి మా కొలతల్లో సున్నాకంటే తక్కువ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదే."

"వచ్చే ఉంటుంది. మీ ప్రోగ్రాముల్లో ఒక గీత ఉంది. సున్నాకంటే తక్కువైతే సున్నా. మీకు చెప్పకుండా నోరు మూసేస్తుంది."

ఆవిడ మొహం మారడం చూశాను. వెనక్కి తిప్పినప్పుడు తగ్గిన అంకె సున్నా అయి పోతే, ముందుకు తిప్పినప్పుడు పెరిగిన అంకె మాత్రం పెరిగినట్టే నిలబడుతుంది. అరవై దిబ్బల మీదా అదే. ఎన్ని బల్లలు ఆ లెక్క మీద పడవెక్కి వెళ్ళాయో ఆవిడ మనసులో లెక్కేస్తోందని నాకు తెలుసు. నేను ఆ మాట అనలేదు. దిబ్బల మీద నుంచి గట్టును నిలదీయడానికి నాకు అంత మంచి అదను మళ్ళీ రాదు. అయినా మొన్ననే నేనూ అదే గీత టైపు చేసి చూసుకున్నదాన్ని.

"ఒకటి అడుగుతాను" అంది. "ఈ తప్పు మీ అంతట మీరే సంఘంలో చెప్పారట. విచారణకు రెండు రోజుల ముందు. మేం ఒప్పుకుంటామో లేదో తెలియకుండానే."

"మీకు చెప్పే ముందు వాళ్ళకు చెప్పాలి. మొదట తప్పు విన్నది వాళ్ళు."

కొలత నిలుస్తుందంది. దిద్దుబాట్లన్నీ వరసలో ఉన్నాయి కనుక కోడ్ దిద్దక ముందరి అంకెలు కూడా సరిచేసి లెక్కలోకి తీసుకుంటామంది. వెళ్ళబోతూ ఆగి, "మీ లైబ్రరీ మాకు పంపుతారా" అని అడిగింది.

జకరయ్య నన్ను మోచేత్తో పొడిచాడు. "బీరువా కూడా కావాలేమో అడుగక్కా."

90వ రోజు

తొంభై రోజులు. లక్షా పదకొండు వేల పావురాలు. మామూలుగా ముప్పై మూడు, పాటు వేళ నీళ్ళు తగ్గి స్తంభాలు ఒరిగినప్పుడు ముప్పై ఆరు. ఇంకా రానివి నలభై రెండు, అవి ఇంకా రాలేదనే ఉన్నాయి. బల్ల ఇక్కడే ఉంటుందని మండలి కాగితం సరుకుల పడవలో వచ్చింది. రాహేలు దాన్ని బీరువా నడిమి అరలో, పాటల పుస్తకాల కింద పెట్టింది. ఏడు దిబ్బలు లైబ్రరీ అడిగాయి. బడి మొహం సరిగా చూడని హెప్సిబ రాసిన కోడ్ గట్టు మీద కూడా నడుస్తోంది.

సాయంత్రం జకరయ్య సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని మందిరానికి వచ్చాడు. గోడ మీది అక్షరాలు కొట్టేయడానికి.

"వద్దు" అన్నాను.

"తప్పని నువ్వే చెప్పావు గదక్కా."

"తప్పే. ఉండనీ."

కుంచె, మిగిలిన పాత రంగు డబ్బా అడిగి తీసుకున్నాను. ఆ పెద్ద అక్షరాల కింద, నా చేతికి అందినంత ఎత్తులో, మూడు గీతలూ వాటి నంబర్లతో రాశాను. 311, 312, 313. దాని కింద: గడియారం దిద్దారు. చూడకుండా చెప్పింది హెప్సిబ. తేదీ వేశాను.

జకరయ్య వెనక్కి జరిగి చూశాడు. "వంకరగా వచ్చింది."

"అక్షరాలే గదా."

తొంభై దాటి అయిదో రోజు

ఈ రోజు ఏసుపాదం బాబాయి బల్ల ఎక్కాడు.

ఇనుప చేతులు పైన మడిచి ఉన్నాయి. గట్టు మీది డాక్టరు గొంతు గోడలోంచి వినిపిస్తోంది. రాహేలు నడుము గుడ్డ విప్పి పక్కన పెట్టింది. నా పని తలవైపు కూర్చుని తెర చూడటం, అంకె నలభై దాటితే చెప్పడం.

నలభై తొమ్మిదో రోజు నుంచి బాబాయి నాతో సరిగా మాట్లాడలేదు. గోడ మీద రాశాక మాత్రం వచ్చిన వాళ్ళందరికీ ఆయనే చదివి వినిపిస్తున్నాడని విన్నాను. పై అక్షరాలూ, కింది మూడు గీతలూ, నా పేరుతో సహా.

మత్తు ఇవ్వబోతుంటే తల నా వైపు తిప్పాడు.

"ఎంతుందే?"

"ముప్పై మూడు బాబాయ్."

"సున్నాకు పైనేనా?"

"పైనే."

"చూసి చెప్పు."

వంగి చూశాను. వరస నంబరు చూశాను, గడియారం చూశాను, అంకె చూశాను.

"చూశాను బాబాయ్. పైనే."

కళ్ళు మూసుకున్నాడు. ఇనుప చేతులు కిందికి దిగాయి.